మనిషిని కొలిచే మానిక

 

వార్షికోత్సవం అంటే హాస్టల్‌కు పండుగ. గేటుకు మామిడి తోరణాలు కడతాం. పాత విద్యార్థులు వస్తారు. పాత గదులు చూసుకుంటారు, గోడల మీద పేర్లు వెతుక్కుంటారు. కలిసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది "ఎట్లున్నవ్?" అని. ఆ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "ఏం జేస్తున్నవ్?"

ఈ రెండో ప్రశ్నకు గట్టి జవాబు ఉన్నవాళ్ళు ముందు వరుసలో కూర్చుంటారు. వాళ్ళకు శాలువాలు కప్పుతాం, ఫ్లెక్సీ మీద ఫోటోలు వేస్తాం. అది తప్పు కాదు. మనలో ఒకరు ఎస్.ఐ. అయితే, టీచర్ అయితే ఆ సంతోషం మనందరిదీ. కానీ జవాబు లేనివాళ్ళు వెనుక గోడ దగ్గర నిలబడతారు. భోజనాలు కాకముందే బస్సుకు టైమైందని వెళ్ళిపోతారు. ఇంకొందరు అసలు రానే రారు. ఫోన్ చేస్తే "ఈసారి కాదులే తమ్మీ, జాబ్ వచ్చినంక వస్త" అంటారు. ఏటా ఇదే మాట చెప్పి, చివరికి ఫోన్ ఎత్తడం మానేసిన అన్నలు కూడా ఉన్నారు.

అట్లా రాకుండా ఉండిపోయిన వాళ్ళ గురించే ఈ వ్యాసం. సొంత హాస్టల్‌కు రావడానికి కూడా ఉద్యోగం ఒక టికెట్టు అయిందంటే, లోపం ఆ అన్నల్లో లేదు. మనం మనుషుల్ని కొలిచే కొలతలో ఉంది.

కొత్త మానిక

మా ఇళ్ళలో మేమే మొదటి గ్రాడ్యుయేట్లం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా అమ్మానాన్నలు కూలికి పోయి గింజలు కొలిపించుకున్న రోజుల గురించి ఇంట్లో చెబుతుంటారు. కొందరు ఆసాములు ఇచ్చేటప్పుడు ఒక మానిక, తీసుకునేటప్పుడు ఒక మానిక వాడేవారట. గింజలు అవే, కష్టం అదే, కానీ మానిక ఎప్పుడూ వాళ్ళ చేతిలోనే ఉండేది.

మనుషుల్ని కొలిచే మానిక సంగతీ అంతే. తరతరాలుగా మనల్ని పుట్టుకతో కొలిచారు. ఏ వాడలో పుట్టాడు, ఎవరి కొడుకు, ఎక్కడ కూర్చోవాలి, ఏ గ్లాసులో తాగాలి అన్నదే కొలత. అది అన్యాయపు కొలత అని పోరాడి మన పెద్దలు చదువు సంపాదించారు. ఈ హాస్టళ్ళు కూడా ఆ పోరాటంలోంచి వచ్చినవే. అట్లాంటి చోట చదువుకున్న మనం ఆ పాత మానికను పారేశామా, లేక దాని మీద రంగు మార్చి మనమే పట్టుకున్నామా? పుట్టుక బదులు జీతం పెట్టాం. వాడ బదులు పోస్టు పెట్టాం. పై వరుస, కింది వరుస మాత్రం అట్లనే ఉంచుకున్నాం.

ఊళ్ళోనూ ఇదే. సెలవులకు ఇంటికి పోతే "ఇంకా చదువుడేనా బిడ్డా? నౌకరి ఎప్పుడొస్తది?" అని అడుగుతారు. అడిగే వాళ్ళది ప్రేమే, కాదనం. కానీ ఆ ప్రశ్న వినీ వినీ, ఉద్యోగం వచ్చేవరకు తాను మనిషినే కానని అనుకునే పరిస్థితికి మన పిల్లలు వచ్చారు. అది ప్రమాదం.

ఈ కొలత నిజం చెబుతుందా?

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మేమూ ఇంటర్ వయసు వాళ్ళమే. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని తర్వాత విచారణలోనే తేలింది. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చినట్టు మెమో ఇచ్చారు. పేపరు తిరిగి చూస్తే వచ్చిన మార్కులు 99. ఆ కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక కాగితం తమ విలువ ఇంతే అని చెబితే వాళ్ళు నమ్మేశారు. ఆ కాగితం కంటే నువ్వు పెద్దదానివమ్మా, పెద్దవాడివిరా అని చెప్పే మనిషి ఆ గంటలో పక్కన లేకపోయారు.

ఉద్యోగ పరీక్షల సంగతి చూడండి. 2022 అక్టోబరులో తెలంగాణలో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్, ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ పోయి కొత్తది వచ్చింది. అశోక్‌నగర్ గదుల్లో, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఆ పరీక్షకు చదివిన వాళ్ళ రెండేళ్ళ వయసు ఏమైంది? వాళ్ళకు ఫలితం రాలేదు కాబట్టి వాళ్ళు తక్కువ మనుషులా? డబ్బిచ్చి ప్రశ్నపత్రం కొనుక్కున్నవాడు దొరక్కపోయి ఉంటే, మన వేదిక మీద వాడికి శాలువా కప్పి ఉండేవాళ్ళం కదా! మన మానిక వాడిని నిండుగా కొలిచేది. నిజాయితీగా రాసినవాడిని ఖాళీగా చూపేది. దొంగకూ దొరకూ తేడా తెలియని కొలతను నమ్ముకుని మనం ఒకరినొకరు చిన్నబుచ్చుకుంటున్నాం.

ఇంకో మాట. గెలిచినా ఈ లోకం మనకు పూర్తి మార్కులు వేయదు. అంబేడ్కర్ కొలంబియాలో, లండన్‌లో చదువుకుని 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరారు. ఉండడానికి ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే, కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. అంత చదువు, అంత ఉద్యోగం ఒక గది తాళంచెవిని కూడా సంపాదించి పెట్టలేదు. ఈ రోజుకీ టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళితే "మీరెవరు?" అని అడిగే ఇళ్ళున్నాయి. వాళ్ళు అడిగేది పేరు కాదని మనకు తెలుసు. అందుకని మన గౌరవాన్ని ఇతరులు ఇచ్చే హోదా మీద కట్టుకుంటే, దాన్ని వాళ్ళు ఎప్పుడైనా పడగొట్టగలరు.

"ఇది కడుపు నిండిన మాట కాదా?"

ఇక్కడ తమ్ముళ్ళు ఒక ప్రశ్న వేస్తారని మాకు తెలుసు. హాస్టల్ గదుల్లో రాత్రిళ్ళు ఈ వాదన ఎన్నోసార్లు జరిగింది. "అన్నా, ఉద్యోగం ముఖ్యం కాదనడం ఉన్నోళ్ళ మాట. అమ్మ మోకాళ్ళ నొప్పులతో కూలికి పోతుంటే గుణం గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటే ఎట్లా? గుణం పెట్టి బియ్యం కొనొస్తదా?"

ఇది న్యాయమైన ప్రశ్న. తేలిగ్గా తీసేయడానికి లేదు. పేదవాడికి "డబ్బుదేముంది" అని నీతులు చెప్పడం మోసమే. ఉన్నదాంతో తృప్తి పడు, నీ రాత ఇంతే అని మన పెద్దలకు చెప్పినవాళ్ళు ఎవరో మరిచిపోలేదు. మేము ఆ మాట చెప్పడం లేదు. ఉద్యోగం కావాలి. రిజర్వేషన్ మన హక్కు, స్కాలర్‌షిప్ మన హక్కు. వాటి కోసం కొట్లాడాలి, రాత్రింబవళ్ళు చదవాలి. అమ్మను కూలి మాన్పించడం కంటే మంచి కోరిక ఏముంది?

మేము అంటున్నది ఒక్కటే. ఉద్యోగం మన అవసరం. అది మన బరువు కాదు. ఆకలికి అన్నం కావాలి, కానీ ఎక్కువ తిన్నవాడు గొప్పవాడని ఎవరమూ అనుకోం. ఉద్యోగమూ అట్లాంటిదే. నిజానికి ఈ తేడా తెలిసినవాడే బాగా చదవగలడు. "రాకపోతే నేను లేను" అనుకున్నవాడి చేయి పరీక్ష హాల్లో వణుకుతుంది. "రాకపోయినా నేను నేనే, మళ్ళీ రాస్తా" అనుకున్నవాడికి రెండో అవకాశం ఉంటుంది.

ఓడినవారు, వదులుకున్నవారు

మన గదుల్లో గోడ మీద ఉన్న ఫోటో ఒకసారి చూడండి. అంబేడ్కర్ 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో బొంబాయి ఉత్తర నియోజకవర్గంలో ఓడిపోయారు. 1954లో భండారా ఉపఎన్నికలోనూ ఓడిపోయారు. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించిన మనిషి, ఆ రాజ్యాంగం కింద జరిగిన తొలి ఎన్నికల్లోనే లోక్‌సభకు వెళ్ళలేకపోయారు. అంతకుముందే 1951లో, హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనందుకు నిరసనగా కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆడవాళ్ళకు ఆస్తి హక్కు, విడాకుల హక్కు ఇవ్వాలన్న బిల్లు అది. అది ఆగిపోయినా కుర్చీలో కూర్చుని ఉండవచ్చు. ఆయన కూర్చోలేదు. ఇప్పుడు చెప్పండి, ఆ రెండు ఎన్నికల్లో ఆయన మీద గెలిచిన వాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? గెలుపే కొలత అయితే గోడ మీద ఉండాల్సింది వాళ్ళ ఫోటోలు.

కర్నూలు జిల్లా పెదపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960 జనవరి నుంచి 1962 మార్చి వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు ఆయనే. పదవిలో ఉన్నది రెండేళ్ళ పైచిలుకు మాత్రమే. ఆ కొద్దికాలంలోనే వృద్ధాప్య పింఛన్లు మొదలయ్యాయి. అవినీతి నిరోధక శాఖ 1961లో ఏర్పడింది. తర్వాత కేంద్రంలోనూ మంత్రిగా పనిచేసి 1972లో, 51 ఏళ్ళకే చనిపోయారు. ఇన్ని పదవులు చేసినా ఆస్తులు కూడబెట్టుకోని మనిషిగానే జనం ఆయన్ని చెప్పుకుంటారు. మన హాస్టళ్ళ ఫైళ్ళు నడిచే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని సంక్షేమ భవన్‌కు ఆయన పేరే ఉంది.

ఇక ఎస్.ఆర్. శంకరన్ గారు. మన కులం కాదు, మన రాష్ట్రంలో పుట్టలేదు. తమిళనాడు నుంచి వచ్చిన ఐ.ఎ.ఎస్. అధికారి. సాంఘిక సంక్షేమ శాఖలో పనిచేసినన్నాళ్ళూ హాస్టళ్ళను సొంత ఇళ్ళలాగా చూసుకున్నారు. వెట్టి చాకిరీ నిర్మూలన కోసం ఊళ్ళు తిరిగారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక వచ్చిన పింఛన్‌లో చాలా భాగం పేద పిల్లల చదువులకే ఇచ్చేవారని ఆయన్ని ఎరిగిన వాళ్ళు చెబుతారు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. 2010 అక్టోబరు 7న ఆయన చనిపోతే దళిత వాడల నుంచి, సఫాయి కార్మికుల ఇళ్ళ నుంచి వచ్చిన మనుషులు సొంత తండ్రి పోయినట్టు ఏడ్చారు. ఐ.ఎ.ఎస్. అయినవాళ్ళు వేలమంది ఉన్నారు. అందరి కోసం అట్లా ఏడవలేదు. ఏడ్చింది పోస్టును చూసి కాదు, మనిషిని చూసి.

శీలం అంటే

అంబేడ్కర్ తనకు ముగ్గురు గురువులని చెప్పుకున్నారు. బుద్ధుడు, కబీరు, ఫూలే. తాను కొలిచే దైవాలు కూడా మూడేనన్నారు. విద్య, ఆత్మగౌరవం, శీలం. ఈ మూడింటిలో జీతం లేదు, పోస్టు లేదు. విద్య ఉంది, కానీ విద్యతో ఆగలేదు. చదువుకుని శీలం లేనివాడు చదువురాని వాడి కంటే ప్రమాదకరమని ఆయన భయం.

శీలం అనగానే అదేదో ఆడపిల్లలకు సంబంధించిన విషయమని అనుకోవడం మన అలవాటు. కాదు. శీలం అంటే నడత. ఎవరూ చూడనప్పుడు మనం ఎట్లా ఉంటామో అది. దాన్ని పరీక్షించడానికి హాస్టల్ కంటే మంచి చోటు లేదు. గుడ్డు పెట్టే రోజు చివరి వరుసలో ఉన్న చిన్న తమ్ముడికి గుడ్డు మిగులుతుందా అని చూసేవాడు ఎవడు? పక్క మంచం వాడికి జ్వరమొస్తే రాత్రి పదింటికి ఆస్పత్రికి తీసుకుపోయేవాడు ఎవడు? తన నోట్సు దాచుకునేవాడు ఎవడు, జిరాక్సు తీసి పంచేవాడు ఎవడు? వంట అక్కను "ఏయ్" అని పిలిచేది ఎవరు, "అక్కా" అని పిలిచేది ఎవరు? ఒకే పప్పు తింటూ కూడా ఉపకులం పేరు అడిగి గుంపు కట్టేది ఎవరు? ఈ ప్రశ్నలకు ఏ మెమోలోనూ మార్కులు ఉండవు. కానీ పదేళ్ళ తర్వాత మనం గుర్తుపెట్టుకునేది వీటినే.

ఉద్యోగం వచ్చాక అసలు పరీక్ష కట్నం. నిన్నటిదాకా మనతో నేల మీద కూర్చుని చదివిన అన్నకు కొలువు రాగానే రేటు కడతారు. కానిస్టేబుల్‌కు ఇంత, టీచర్‌కు ఇంత, ఇంజనీర్‌కు ఇంత! వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. మన చెల్లెళ్ళు కూడా హాస్టళ్ళలోనే చదువుకుంటున్నారు. వాళ్ళ నాన్నలూ కూలీలే. అట్లాంటి ఇంటి నుంచి కట్నం తీసుకున్నవాడికి సాధించాడని చప్పట్లు కొట్టాలా? ఉద్యోగం వచ్చి కూడా కట్నం వద్దన్న అన్నలు మనలో ఉన్నారు. వాళ్ళను వేదిక మీదికి పిలిచిన సంవత్సరం ఒక్కటైనా ఉందా?

విశ్వాసం అంటే

నడతకు తోడు ఇంకోటి కావాలి. అది విశ్వాసం. మన గదుల్లో ఒకరి దిండు కింద బైబిల్ ఉంటుంది. ఒకరు శనివారం ఒక్కపొద్దు ఉంటారు. ఒకరు రంజాన్‌లో రోజా ఉంటారు. ఒకరు బుద్ధుడి ముందు కొవ్వొత్తి వెలిగిస్తారు. దేవుడు లేడని, మనిషినే నమ్ముతానని అనేవాళ్ళూ ఉన్నారు. ఎవరిది గొప్ప అన్న చర్చలోకి మేము వెళ్ళం. ఎవరు దేన్ని నమ్మినా, ఆ నమ్మకం కష్టకాలంలో నిలబెట్టాలి, సుఖకాలంలో అదుపులో పెట్టాలి. ఆ రెండూ చేయని నమ్మకం మెడలో లాకెట్టు మాత్రమే.

తెలుగులో విశ్వాసం అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి నమ్మకం. రెండోది, అన్నం పెట్టిన చేతిని మరవకపోవడం. మన పల్లెల్లో "విశ్వాసం లేనోడు" అంటే గుడికో చర్చికో పోనివాడని కాదు అర్థం, తిన్న ఇంటిని మరిచినవాడని. ఈ రెండు అర్థాలను ఒకే మాటలో పెట్టిన మన పెద్దలు తెలివైనవాళ్ళు. పై నుంచి ఒకరు చూస్తున్నారని నమ్మేవాడు కింద తనకు అన్నం వండిన మనిషిని మరిచిపోతే, ఆ నమ్మకంలో పస లేదు. ఈ హాస్టల్‌కు ఖర్చయింది ప్రజల డబ్బు. అందులో అగ్గిపెట్టె మీద, సబ్బు మీద మన అమ్మానాన్నలు కట్టిన పన్నూ ఉంది. దానికి విశ్వాసం చూపడమంటే ఉద్యోగం వచ్చాక వెనక్కి తిరిగి చూడడమే.

ఏం చేద్దాం?

మాటలతో ఆపకుండా నాలుగు పనులు అనుకుందాం.

వచ్చే వార్షికోత్సవం నుంచి సన్మానాల జాబితాలో ఉద్యోగాలు వచ్చినవాళ్ళతో పాటు, జ్వరమొచ్చిన తమ్ముళ్ళను చూసుకున్నవాళ్ళ పేరు, కట్నం వద్దన్నవాళ్ళ పేరు, ఏళ్ళుగా మనకు వండి పెడుతున్న వంట అక్కల పేరు, వాచ్‌మన్ తాత పేరు కూడా చదువుదాం.

గేటు దగ్గర "ఏం జేస్తున్నవ్?" అని అడగడం కొంచెం ఆలస్యం చేద్దాం. ముందు "తిన్నవా?" అని అడుగుదాం. "అమ్మ ఎట్లుంది?" అని అడుగుదాం.

ఉద్యోగం వచ్చిన అన్నలు, అక్కలు ఒక్కొక్కరూ ఇంకా ప్రయత్నిస్తున్న ఒక్కరికి తోడుగా ఉండండి. పుస్తకాలో, పరీక్ష ఫీజో, నెలకో ఫోనో, ఏదైనా సరే.

ఫలితాలు వచ్చే రోజు సీనియర్లు గదుల్లోనే ఉండాలి. తప్పినవాడిని ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. పక్కన మంచం వేసుకుని పడుకోండి. అంతకంటే పెద్ద కౌన్సెలింగ్ ఏదీ లేదు.

చివరగా, ఈ ఏడు కూడా రాకుండా ఉండిపోయిన అన్నలకు, అక్కలకు మా మనవి. ఈ సంచిక ఎవరైనా మీకు చేరవేస్తారని ఆశ. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మాకు లెక్కలు చెప్పింది మీరే. మా పెట్టెలకు తాళాలు లేనప్పుడు కాపలా ఉన్నది మీరే. మీరు ఏ పోస్టులో ఉన్నారన్నది అప్పుడు మేము అడగలేదు, ఇప్పుడూ అడగం. మీ కంచం, మీ చోటు ఇక్కడ అట్లనే ఉన్నాయి. ఉద్యోగం వచ్చినంక కాదు, వచ్చే ఏడే రండి.

జై భీమ్!